పాపకు ఆటలమ్మ, మూడు వారాల్లోపు నాయనకు నిమోనియా: నర్సంపేట వైపు ఒక ఇంటి కేసు

ఇది అరుదైన కేసేం కాదు. వరంగల్, ములుగు, మహబూబాబాద్ వైపు ప్రాక్టీస్ చేసే ఎవరైనా జనవరి నుంచి మే దాకా ఇట్లాంటివి చూస్తనే ఉంటరు. కానీ ఒకే ఇంట్ల ఒకే వైరస్ ఒక్కొక్కరి మీద ఒక్కో తీరు ఎట్ల పనిచేసిందో ఇందుల కనిపిస్తది, అందుకే మొదటి నుంచి చివరి దాకా రాస్తున్న. ఆ కుటుంబం ఒప్పుకున్నంకనే రాస్తున్న, పేర్లు, ఊరు పెట్టట్లేదు, గుర్తుపట్టే ఒకటి రెండు వివరాలు మార్చిన.

ఫిబ్రవరి చివర్ల ఒక మంగళవారం పొద్దున తల్లి, నాయనమ్మ కలిసి 7 ఏండ్ల పాపను క్లినిక్‌కు తీసుకొచ్చిన్రు. ఆటలమ్మకు మందు వాడొద్దని నాయనమ్మ ఇంట్లనే తేల్చేసింది, జ్వరానికి ఒక సిరప్ రాయించుకొని పోదామని మాత్రమే వచ్చిన్రు. శనివారం పాప కొంచెం నలతగ ఉన్నది, బువ్వ సరిగ తినలే, ఆదివారం సాయంత్రం పొట్ట మీద రెండు మూడు ఎర్ర పొక్కులు, సోమవారం పొద్దటికి వీపు, మొఖం, తలకాయ. బడిల అదే క్లాసు పిల్లలు ముగ్గురికి రెండు వారాల కింద వచ్చిందట. ఆ లెక్క సరిగ్గ సరిపోతది, ఎందుకంటే వైరస్ ఒంట్లకు పోయినంక పొక్కులు కనబడడానికి 10 నుంచి 21 రోజులు పడ్తది, ఎక్కువమందిల 14 నుంచి 16 రోజులు.

పాప బరువు 21 కిలోలు, జ్వరం 101. పొట్ట, ఛాతీ, వీపు మీద పొక్కులు ఎక్కువ, చేతులు కాళ్ల మీద తక్కువ, వెంట్రుకల్ల నాలుగైదు, అంగిట్ల రెండు పుండ్లు. ఒకే జాగల ఒకటి ఎర్ర మచ్చ, దాని పక్కన నీటి పొక్కు, ఇంకోటి అప్పుడే చెక్కు కడుతున్నది. ఇట్ల అన్ని స్టేజీలు కలిసి కనబడితే అది ఆటలమ్మనే, రక్తపరీక్ష అక్కర్లేదు. ఊపిరితిత్తులు క్లియర్, పాప హుషారుగనే ఉన్నది, నడక బాగున్నది. నడక ఎందుకు చూస్తమంటే కొంతమంది పిల్లల్ల ఈ వైరస్ తర్వాత చిన్న మెదడు వాచి తూలుకుంట నడుస్తరు, అరుదే గాని తల్లికి ముందే చెప్పిపెట్టాలె.

నాయనమ్మ భయం వేరే ఉన్నది. "మా అమ్మమ్మ మొఖం నిండ గుంటలుండె మేడం, పిల్లకు గట్లనే అయితదా" అని అడిగింది. అది మశూచి అవ్వా, వేరే వైరస్, మన దేశంల ఆఖరి కేసు 1975ల వచ్చింది, 1980ల ప్రపంచంలనే లేకుండ పోయిందని ప్రకటించిన్రు, ఇది అది కాదు అని చెప్పిన. మశూచిల పొక్కులన్నీ ఒకే వయసువి ఉంటుండె, మొఖం, చేతులు, కాళ్ల మీద ఎక్కువ ఉంటుండె, మచ్చలు లోతుగ పడుతుండె. ఆటలమ్మల గోక్కుంటనో చీము పడితేనో తప్ప పెద్ద మచ్చలు మిగలవు. ఆమె మొఖంల భయం కొంత తగ్గినంకనే మిగతా మాటలు ఆమె చెవికెక్కినయి.

పాపకు ఏమిచ్చిన, ఏమియ్యలేదు

ఎసైక్లోవిర్, అంటే ఈ వైరస్ పెరగకుండ ఆపే మందు, ఇయ్యలేదు. 12 ఏండ్ల లోపు ఆరోగ్యంగ ఉన్న పిల్లలకు ఇది దానంతటదే తగ్గుతది, పొక్కులు మొదలైన 24 గంటల్లోపు ఇస్తే జ్వరం ఒక రోజు ముందు దిగుతది, పొక్కులు కొంచెం తక్కువ పడతయి, అంతకు మించి లేదు, ఈ పాపకు ఆ టైం కూడ దాటింది. అదే ఎగ్జిమా లాంటి చర్మం జబ్బు ఉన్నోళ్లు, ఆస్తమా ఉన్నోళ్లు, 12 ఏండ్లు దాటినోళ్లు, ఇంట్ల రెండో కేసుగ వచ్చినోళ్లు అయితే ఇస్త, కిలోకు 20 మి.గ్రా. చొప్పున రోజుకు నాలుగుసార్లు, 5 రోజులు, ఒక్కో డోసు 800 మి.గ్రా. దాటకుండ. క్యాన్సర్ ట్రీట్‌మెంట్‌ల ఉన్న పిల్లలు, కిడ్నీ జబ్బుకు స్టెరాయిడ్ గోలీలు మింగే పిల్లలు, వీళ్లకు పొక్కు కనబడ్డ రోజే నేరుగ పెద్ద దవాఖానకు పంపుత, వాళ్లకు నరంల నుంచే మందు ఎక్కాలె.

జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, కిలోకు 15 మి.గ్రా. లెక్కన ఈ పాపకు 300 మి.గ్రా., అంటే 5 ఎం.ఎల్.కు 250 ఉండే సిరప్ 6 ఎం.ఎల్., జ్వరం ఉంటేనే, ఆరు గంటల గ్యాప్‌తో. ఇంట్ల ఫ్రిజ్ మీద మెఫెనమిక్ యాసిడ్ సిరప్ ఉన్నదని తల్లి చెప్పింది, అది వద్దన్న, ఐబుప్రొఫెన్ కూడ వద్దన్న. ఆటలమ్మ టైంల ఐబుప్రొఫెన్ వాడిన పిల్లల్ల చర్మం లోపలి దాకా పోయే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు ఎక్కువ కనబడ్డయి, మెఫెనమిక్ కూడ అదే జాతి మందు. ఆస్పిరిన్ అయితే అసలే కాదు, రేయ్ సిండ్రోమ్ అని లివర్‌ను, మెదడును దెబ్బతీసే జబ్బు వస్తది. దురదకు క్యాలమైన్ లోషన్, రాత్రిపూట సెటిరిజిన్. గోర్లు ఆ రోజే కత్తిరియ్యమన్న, పొద్దుకు ఒకసారి గోరువెచ్చని నీళ్లతోని స్నానం చేయించి గుడ్డతో రుద్దకుండ అద్దమన్న.

ఈ స్నానం దగ్గరనే ఆగింది కథ. "తల్లి ఇంట్లకొచ్చింది మేడం, తొమ్మిదొద్దుల దాంక నీళ్లు పొయ్యం, తిరగవాత పెట్టం, మందులిస్తే తల్లికి కోపమొస్తది" అని నాయనమ్మ. నేను వాదించలేదు. పోచమ్మకు సాక పొయ్యి అవ్వా, మొక్కుకున్నది మొక్కుకో, అది నీ ఇష్టం, కాని చెమట పట్టిన ఒంటి మీద తొమ్మిది రోజులు నీళ్లు పడకపోతే పొక్కుల్ల చీము పడతది, చీము పడితేనే మచ్చ పడతది, నువ్వు భయపడే గుంటలు గవ్విటితోనే వస్తయి అని చెప్పిన. వేపాకు నీళ్లు కాగబెట్టి చల్లార్చి పోస్తమన్నది, పొయ్యమన్న. లేత వేప రెమ్మతోని దురద ఉన్న చోట మెల్లగ రాసుడు గోర్లతో గోకేదానికన్న ఎంతో నయం, అది కూడ కానియ్యమన్న. పసుపు వేపాకు నూరి పచ్చి పుండ్ల మీద మందంగ పట్టిచ్చుడు ఒక్కటి వద్దన్న, దాని కింద చీము పట్టినా కనబడదు. తిండికి పథ్యం ఏమీ లేదు, నోట్ల పుండ్లున్నయి కాబట్టి కారం తగ్గించి పెరుగన్నం, పప్పన్నం, అరటిపండు, పిల్ల ఏది తింటే అది, నీళ్లు మాత్రం బాగ తాగాలె.

మా దగ్గర చాలమంది డాక్టర్లు ఈ ఆచారాల మీద కోప్పడుతరు. నా అనుభవంల కోప్పడితే వాళ్లు మళ్ల రారు, ఇంట్లనే ఉండిపోతరు, దమ్ము ఆడనప్పుడు కూడ ఉండిపోతరు. వేప కొమ్మ గడపకు కట్టి బయటోళ్లను రానియ్యకపోవుడు మంచి పద్ధతే, దాన్ని నేను తీసెయ్యమని ఎన్నడూ అనను. ఒక్కటే చిక్కు, పొక్కు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే వైరస్ ఊపిరిల బయటికొస్తది, అంటే కొమ్మ కట్టే టైంకే ఇంట్లోళ్లకు అంటుకునుడు అయిపోయి ఉంటది. ఇమ్యూనిటీ లేనోళ్లు ఒకే కప్పు కింద ఉంటే పదిమందిల దాదాపు తొమ్మిదిమందికి వస్తది. పైగా బడిల తెచ్చుకున్న మొదటి కేసు కన్న ఇంట్ల అంటుకున్న రెండో కేసే గట్టిగ వస్తది.

అందుకని ఆటలమ్మ కేసుల పేషెంటు చీటీ రాసుడు సగం పనే. ఇంట్ల ఎవరెవరు ఉన్నరు, ఎవరికి ఇదివరకు వచ్చింది, ఎవరికి రాలే, ఎవరన్న కడుపుతో ఉన్నరా, ఇది అదే రోజు అడగాలె, మూడు రోజులైనంక అడిగితే చేసేది చాన తగ్గిపోతది.

ఇంట్ల ఉన్నోళ్లు

తల్లికి పదేండ్లప్పుడు వచ్చింది, నొసటి మీద చిన్న మచ్చ కూడ ఉన్నది, ఆమెకు భయం లేదు. నాయనమ్మకు చిన్నప్పుడు వచ్చిందో లేదో సరిగ గుర్తులేదు గాని పోయినేడు ఛాతీ ఒక పక్కకు సర్పి వచ్చిందని చెప్పింది, అంటే ఆటలమ్మ ఎన్నడో వచ్చి పోయినట్టే, ఎందుకంటే రెండూ ఒకటే వైరస్. ఆటలమ్మ తగ్గినంక వైరస్ ఒంట్ల నుంచి పోదు, వెన్ను పక్క నరాల మూలల్ల నిద్రపోతది, వయసు మీద పడ్డప్పుడో, షుగరు లాంటి జబ్బులతోని ఒంట్ల బలం తగ్గినప్పుడో ఒక నరం వెంబడి మళ్ల లేస్తది. సర్పి పుండ్ల నీళ్లు తగిలి పిల్లలకు ఆటలమ్మ రావచ్చు, కాబట్టి సర్పి ఉన్నప్పుడు పుండ్లు కప్పి ఉంచుకోవాలె అని కూడ అప్పుడే చెప్పిన.

పాప తమ్ముడు, 3 ఏండ్లు. అంగన్‌వాడీల, సబ్ సెంటర్‌ల ఏసే టీకాలన్నీ ఏయించిన్రు, కార్డు చక్కగ పెట్టుకున్నరు. కాని ఆటలమ్మ టీకా సర్కారు కార్యక్రమంల లేదు, ప్రైవేటుల కొనుక్కోవాలె, డోసుకు రెండు వేల రూపాయలు అటూ ఇటూ అయితది. తల్లి ఒక మాట అడిగింది, చాలమంది అడిగేదే, "ఇద్దర్నీ ఒక్కకాడ పడుకోబెడితే ఇద్దరికీ ఒక్కసారే వచ్చి పోతది కద మేడం". వద్దన్న. ఎవరికి తేలిగ్గ వస్తదో, ఎవరికి మెదడుకో ఊపిరితిత్తులకో ఎక్కుతదో ముందు ఎవ్వరం చెప్పలేం. అంటుకున్న 3 రోజుల్లోపు టీకా ఏస్తే చాలమందిల రాకుండ ఆగుతది, 5 రోజుల దాకా ఏసినా తీవ్రత తగ్గుతది. ఈ బాబుకు లెక్కేస్తే శుక్ర, శనివారాల నుంచి అంటుకునే అవకాశం మొదలైంది, వచ్చింది మంగళవారం, అంటే ఇంక టైమున్నది. అదే రోజు ఏసినం.

పాప మేనత్త, 24 ఏండ్లు, ఏడో నెల దాటింది, స్కాన్ ప్రకారం 30 వారాలు. మొదటి కాన్పని పుట్టింటికి తీసుకొచ్చి పది రోజులైంది, పాప ఆమె పక్కనే పడుకుంటది. చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిన గుర్తు ఎవ్వరికీ లేదు. ఈ సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పలేదు, నేను అడిగితేనే బయటపడింది, పాప జబ్బుకూ ఆమెకూ ఏం సంబంధమని వాళ్లనుకున్నరు.

తండ్రి, 36 ఏండ్లు, ఆటలమ్మ ఇదివరకు రానట్టే. పదహారేండ్ల నుంచి బీడీ తాగుతడు. ఆ రోజు రాలే, ఫోన్‌ల మాట్లాడిన. "నాకు చిన్నప్పుడే టీకా ఏసిన్రు మేడం, ఎడమ భుజం మీద మచ్చ కూడ ఉన్నది" అన్నడు. ఆ మచ్చ బీసీజీది, టీబీ కోసం ఏసేది, ఆటలమ్మను ఆపదు. యాభై ఏండ్లు దాటినోళ్లల్ల కొందరికి మశూచి టీకా మచ్చ ఉంటది, అదీ ఆపదు. ఇది మా దగ్గర ప్రతి ఇంట్ల వినే మాట, మచ్చ చూపెట్టి ధైర్యంగ ఉంటరు. టీకా ఏసుకోమన్న, అప్పటికి టైమున్నది. "మిర్చి ఏరుతున్నరు, కూలోళ్లను ఇడిసిపెట్టి ఎట్ల రావాలె, ఎనుమాముల మార్కెట్ల రేటున్నప్పుడే అమ్ముకోవాలె" అన్నడు. ఆయన మాటల తప్పేం లేదు, ఏడాది కష్టం ఆ నెలల్నే చేతికొస్తది. కనీసం మార్చి మొదటి వారం నుంచి మూడో వారం దాకా జ్వరం వచ్చినా, ఒక్క పొక్కు లేచినా అదే రోజు నా దగ్గరికి రావాలె, ఎక్కడా సూది ఏయించుకోవద్దు అని చెప్పి, తల్లి చేతికి తారీఖులు రాసిచ్చిన.

గర్భిణి సంగతి

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తున్న, ఎందుకంటే మన దగ్గర అందరూ తడబడేది ఇక్కడనే.

కడుపుతో ఉన్నోళ్లకు ఈ టీకా ఇయ్యరాదు, అది బతికున్న వైరస్‌ను బలహీనం చేసి తయారుచేసింది. మొదటి 20 వారాల్ల తల్లికి ఆటలమ్మ వస్తే నూటికి ఒకరిద్దరు పిల్లల్ల లోపాలు రావచ్చు. 30 వారాలప్పుడు ఆ భయం పోతది, కాని తల్లికి నిమోనియా వస్తే చాన ప్రమాదం. ఇంకోటి కాన్పు దగ్గర, తల్లికి కాన్పుకు 5 రోజుల ముందు నుంచి కాన్పు తర్వాత 2 రోజుల్లోపు పొక్కులు లేస్తే, తల్లి నుంచి పిల్లకు వైరస్ పోతది గాని దాన్ని ఎదుర్కునే యాంటీబాడీలు పోయే టైముండదు, అట్లాంటి పసిపిల్లలకు ప్రాణం మీదికి వస్తది. అందుకే అట్లాంటప్పుడు పుట్టిన వెంటనే ఇమ్యునోగ్లోబులిన్, అంటే తయారుగ ఉన్న యాంటీబాడీల సూది, ఇస్తరు.

ముందు ఆమె రక్తం హన్మకొండ ల్యాబ్‌కు పంపి వారిసెల్లా (ఆటలమ్మ) ఐజీజీ, అంటే ఈ వైరస్‌ను ఎదుర్కునే యాంటీబాడీలు ఒంట్ల ఉన్నయా లేవా అనే పరీక్ష, చూపించినం. గుర్తులేనోళ్లల్ల కూడ చాలమందికి ఐజీజీ పాజిటివ్ వస్తది, అట్లొస్తే అక్కడితోనే బెంగ తీరుతది. ఈమెకు తర్వాతి రోజు సాయంత్రం నెగటివ్ అని వచ్చింది. ఆటలమ్మకు ప్రత్యేకంగ వారిసెల్లా జోస్టర్ ఇమ్యునోగ్లోబులిన్ ఉన్నది, అంటుకున్న 10 రోజుల్లోపు, ఎంత తొందరగ అయితే అంత మంచిది, కిలోల లెక్కన డోసు. మా దగ్గర దొరకలే, హైదరాబాద్ నుంచి తెప్పించాలంటే ఖర్చు ఆ కుటుంబం తట్టుకునేది కాదు. బ్రిటన్‌ల ఇప్పుడు ఇమ్యునిటీ లేని గర్భిణులకు అంటుకున్న 7వ రోజు నుంచి 14వ రోజు దాకా ఎసైక్లోవిర్ గోలీలు ఇస్తున్నరు, 800 మి.గ్రా. రోజుకు నాలుగుసార్లు. ఎందుకు 7వ రోజు నుంచంటే, వైరస్ మొదట కొద్దిగ పెరిగి తర్వాత రెండోసారి రక్తంల ఎక్కువగ పాకేది ఆ టైంకే, దాన్ని అక్కడ పట్టుకోవాలె. ఎసైక్లోవిర్ గర్భిణులల్ల చాన ఏండ్ల నుంచి వాడుతున్నదే, దాంతో పిల్లలకు లోపాలు పెరిగినట్టు కనబడలే. ఆమెను చూసే గైనకాలజిస్టుతోని ఫోన్‌ల మాట్లాడి ఇద్దరం ఒప్పుకున్నంక మొదలుపెట్టినం, నీళ్లు ఎక్కువ తాగమని గట్టిగ చెప్పి.

ఇంట్లోళ్లు ఆమెను వెంటనే అత్తగారింటికి పంపుతమన్నరు. వద్దన్న. ఆమెకు ఇప్పటికే అంటుకుని ఉండొచ్చు, అక్కడ తోటికోడలికి నెలల పిల్ల ఉన్నది, ఆ ఇంటికి మోసుకపోయినట్టయితది. అట్లని ఈ ఇంట్లనే ఉంచితే రోజూ అంటుకుంటనే ఉంటది, తర్వాత తండ్రికొస్తే మళ్ల ఇంకోసారి. రెండు ఇండ్ల అవతల వాళ్ల పెద్దమ్మ ఒక్కతే ఉంటది, ఆమెకు ఆటలమ్మ వచ్చి పోయింది, అక్కడ పెట్టమన్న. అంటుకున్న 8వ రోజు నుంచి 21వ రోజు దాకా చెకప్‌కు పోయినా వేరే గర్భిణుల మధ్యల కూసోవద్దు, ముందు ఫోన్ చేసి చెప్పి నేరుగ లోపలికి పోవాలె అని చెప్పిన. ఈ మాట మనలో చాలమందిమి చెప్పం, కాని గర్భిణుల చెకప్ ఓపీ వరండాల ఎంతమంది కూసుంటరో అందరికీ తెలుసు.

తండ్రి

పాపకు ఆరో రోజు నడుము దగ్గర నాడా ఒరుసుకునే చోట ఒక పొక్కు ఎర్రగయ్యి చీము పట్టింది, యాంటీబయాటిక్ 5 రోజులు ఇస్తే తగ్గింది. జ్వరం దిగిపోయి రెండు మూడు రోజులైనంక మళ్ల వస్తే ఇట్లాంటిదే ఉంటది, వెతికి చూడాలె. అన్ని పొక్కులు చెక్కు కట్టినంక బడికి పోయింది.

మార్చి రెండో వారంల తండ్రికి జ్వరం, నడుం నొప్పి, ఒళ్లంత విరిగినట్టు. రెండు రోజుల తర్వాత పొక్కులు లేచినయి, ఆ రోజు పాప పొక్కుల లెక్క పదహారో రోజు. తారీఖులు రాసిచ్చిన కాయితం గోడకే ఉన్నది, కాని ఆ రోజు మిర్చి బస్తాలు మార్కెట్‌కు పోయే రోజు, ఊళ్లోనే ఒకరి దగ్గర సూది ఏయించుకొని పోయిండు. సాయంత్రానికి జ్వరం దిగి నొప్పులు తగ్గి బాగనే అనిపించిందట. తర్వాత తెప్పించి చూస్తే ఆ సీసా డెక్సామెథసోన్, స్టెరాయిడ్.

నాలుగో రోజు సాయంత్రం ఆటోల తెచ్చిన్రు. భార్య ముందే ఫోన్ చేసింది కాబట్టి వెయిటింగ్ హాల్లకు రానియ్యలే, ఆటోలనే చూసిన. ఒంటి నిండ పొక్కులు, పాపకన్న ఎన్నో రెట్లు ఎక్కువ. జ్వరం 102.6, నాడి 118, నిమిషానికి 32 సార్లు ఊపిరి, ఆక్సిజన్ శాచురేషన్ 89. పొడి దగ్గు, దగ్గితే ఛాతీ పట్టుకుంటున్నడు. స్టెతస్కోప్ పెడితే పెద్దగ ఏం వినబడలే, ఇది గుర్తుపెట్టుకోవాలె, వారిసెల్లా నిమోనియాల చెవికి వినబడేది తక్కువ, ఎక్స్‌రేల కనబడేది ఎక్కువ. పొక్కులు లేచినంక ఒకటో రోజు నుంచి ఆరో రోజు దాకా ఎప్పుడన్న రావచ్చు, ఆరోగ్యంగ ఉన్న పెద్దోళ్లల్ల సుమారు 400 మందిల ఒకరికి వస్తదని లెక్క, పొగ తాగేటోళ్లకు, కడుపుతో ఉన్నోళ్లకు, ఒంటి నిండ పొక్కులు ఎక్కువున్నోళ్లకు రిస్క్ ఇంకా ఎక్కువ.

ఆక్సిజన్ పెట్టి వరంగల్ పెద్ద దవాఖానకు పంపినం, ముందే ఫోన్ చేసి ఆటలమ్మ కేసు, వేరే రూము కావాలె అని చెప్పి. ఎక్స్‌రేల రెండు పక్కల చిన్న చిన్న ముడుల్లాంటి మచ్చలు నిండ ఉన్నయి. ప్లేట్‌లెట్లు 96 వేలు, లివర్ ఎంజైములు కొంచెం పెరిగినయి. బరువు 58 కిలోలు, ఎసైక్లోవిర్ కిలోకు 10 మి.గ్రా. లెక్కన 580 మి.గ్రా., 8 గంటలకోసారి, సెలైన్‌ల కలిపి గంట సేపు నెమ్మదిగ ఎక్కించిన్రు. ఈ మందు తొందరగ ఎక్కిస్తే, ఒంట్ల నీళ్లు తక్కువుంటే, కిడ్నీల స్ఫటికాలు కట్టి అడ్డం పడతది. ఈయనకు మూడో రోజు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 0.9 నుంచి 1.4కు ఎక్కింది, సెలైన్ పెంచితే రెండు రోజుల్ల దిగింది. బ్యాక్టీరియా కూడ తోడై ఉండొచ్చని యాంటీబయాటిక్ కలిపిన్రు. చూసుకోనికి ఆటలమ్మ వచ్చి పోయిన స్టాఫ్‌నే పెట్టిన్రు. ఐదో రోజుకు ఆక్సిజన్ లేకుండ 94, తొమ్మిదో రోజు ఇంటికొచ్చిండు. వెంటిలేటర్ దాకా పోలేదు.

ఆ ఒక్క సూదితోనే నిమోనియా వచ్చిందని నేను అనను. బీడీ ఉన్నది, వయసున్నది, ఇంట్ల రెండో కేసు, ఇవన్నీ కలిసినయి. కాని ఆటలమ్మ మొదలైతున్నప్పుడు స్టెరాయిడ్ ఇస్తే ఒళ్లు వైరస్‌ను ఆపే టైంకే ఆ బలాన్ని తగ్గించినట్టయితది, జ్వరం దిగి మనిషికి బాగైందనిపిస్తది, అసలు మందు మొదలుపెట్టాల్సిన ఒక రోజు పోతది. ఆ ఒక రోజే పెద్దోళ్లకు ముఖ్యం. మొదటి పొక్కు లేచిన 24 గంటల్లోపు ఎసైక్లోవిర్ 800 మి.గ్రా. రోజుకు ఐదుసార్లు 7 రోజులు, లేదంటే వాలాసైక్లోవిర్ 1 గ్రాము రోజుకు మూడుసార్లు 7 రోజులు మొదలుపెడితే జబ్బు పొడవు, తీవ్రత రెండూ తగ్గుతయి. పిల్లలకు వద్దన్న మందే పెద్దోళ్లకు అదే రోజు కావాలె. "పిల్లకు మందు లేకుండనే తగ్గింది కద, నాకెందుకు" అని ఆయన తర్వాత నాతో అన్నడు, ఆ ఇంట్ల అందరూ అట్లనే అనుకున్నరు. పిల్లల కన్న పెద్దోళ్లల్ల ఈ జబ్బుతో చనిపోయే రిస్క్ 20 రెట్లకు పైనే అని ఎవరన్న ఊళ్లె చెప్తరా.

పెద్దోళ్లకు దగ్గు, ఆయాసం, ఛాతీ నొప్పి, మాట తడబడుడు, పొక్కుల్ల రక్తం, వాంతులు ఆగకపోవుడు, వీటిల ఏ ఒక్కటి కనబడ్డా తెల్లారే దాకా ఆగొద్దు. ఇంట్ల పల్స్ ఆక్సిమీటర్ కరోనా అప్పుడు కొన్నది చాలమంది దగ్గర ఉన్నది, తీసి పెట్టుకొని పూటకోసారి చూసుకోండి, 94 కన్న తగ్గితే బయల్దేరండి.

ఇంకో సంగతి, పొక్కులు లేవకముందు రెండు రోజులు ఆయన చేన్లనే కూలోళ్లతోని ఉన్నడు. ఏరనీకి వేరే ఊర్ల నుంచి వచ్చినోళ్లు చేను పక్కనే పట్టాల కింద పిల్లాజెల్లలతో ఉంటరు, ఒక్కరికొచ్చినా అందరికీ పోతది. ఊరి ఆశా కార్యకర్తకు చెప్పినం, ఆమె రోజు విడిచి రోజు పోయి చూసింది, ఇద్దరు పిల్లలకు వచ్చింది, అందుల కడుపుతో ఉన్నోళ్లు ఎవరూ లేరు. ఆ ఆశా చేసిన పని ఏ రికార్డుల రాదు, కాని నిజంగ జబ్బు ఆపేది గదే.

టీకా గురించి

వారిసెల్లా టీకాను జపాన్‌ల మిచియాకి తకహాషి 1970లల్ల తయారుచేసిండు, అందుల వాడిన ఓకా అనే వైరస్ రకాన్నే ఇప్పటికీ చాన టీకాలల్ల వాడుతున్నరు. అమెరికాల 1995ల మొదలుపెట్టిన్రు, 2006 నుంచి రెండు డోసులు. మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 15 నెలలకు ఒకటి, మూడు నెలల తర్వాత రెండోది చెప్తది. చిన్నప్పుడు ఏయించనోళ్లు ఎప్పుడైనా ఏయించుకోవచ్చు, 13 ఏండ్లు దాటినోళ్లకు 4 నుంచి 8 వారాల గ్యాప్‌తో రెండు డోసులు. ఒక్క డోసు పదిమందిల ఎనిమిది మందికి ఆపుతది, తీవ్రంగ రాకుండ ఇంకా ఎక్కువమందికి ఆపుతది, రెండు డోసులైతే 90 శాతం పైనే. కడుపుతో ఉన్నోళ్లు, క్యాన్సర్ మందులు, ఎక్కువ డోసు స్టెరాయిడ్ల మీద ఉన్నోళ్లు ఏసుకోవద్దు, ఏసుకున్నంక కనీసం ఒక నెల గర్భం రాకుండ చూసుకోవాలె.

రెండు వేలు అందరూ పెట్టలేరు, అది నాకు తెలుసు. డబ్బులు ఒక్కరికే ఉంటే ఎవరికి ఏయించాలె అని అడిగితే నేను చెప్పేది, ఇంట్ల ఆటలమ్మ రాని ఆడపిల్ల పెండ్లీడుకొస్తే ముందు ఆమెకు, ఆ తర్వాత ఇంట్ల సంపాదించే మనిషికి రాకపోయి ఉంటే ఆయనకు. ఈ వరుస పుస్తకంల ఉండదు, ఇది నా అభిప్రాయం, కాని ఈ కేసులాంటివి చూసినంక ఏర్పడ్డది. నర్సింగ్, మెడికల్ చదివే పిల్లలు మాత్రం వార్డు డ్యూటీ మొదలయ్యేలోపు ఏసుకోవాలె, ఇందుల రెండో మాట లేదు.

బాబుకు టీకా ఏసినంక కూడ పదహారో రోజు పొక్కులు లేచినయి, ఒక ఇరవై ఉంటయేమో, జ్వరం లేదు, ఆడుకుంటనే ఉన్నడు. టీకా పనిచెయ్యలేదని నాయనమ్మ అన్నది, పనిచేసింది కాబట్టే ఇరవైతో ఆగింది, టీకా లేని పిల్లలకు 250 నుంచి 500 దాకా పడతయి అని చూపించిన.

తండ్రికి ఆరు వారాలకు మళ్ల ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తులు చాలమట్టుకు క్లియర్ అయినయి, కొన్ని మచ్చలు సున్నం కట్టి అట్లనే ఏండ్ల తరబడి ఉండొచ్చు, రేపు ఎవరన్న చూసి టీబీ అని పొరపాటు పడొద్దని పాత ఎక్స్‌రేలు జాగ్రత్తగ పెట్టుకోమన్న. బీడీ మానేసిండు, ఇంకా మానేసే ఉన్నడు.

మేనత్తకు ఒక్క పొక్కు కూడ లేవలే. మే మొదటి వారంల కాన్పు అయింది, బాబు, 2.9 కిలోలు. కాన్పు తర్వాత మళ్ల ఐజీజీ చూస్తే నెగటివే, అంటే ఇమ్యూనిటీ ఇంకా లేదు, తర్వాతి కాన్పుకు అదే భయం మళ్ల ఉంటది. పాలిచ్చే తల్లులు ఈ టీకా ఏసుకోవచ్చు. బాబును ఆరు వారాల టీకాలకు తీసుకొచ్చిన రోజే ఆమెకు మొదటి డోసు ఏసినం, రెండోది బాబు పద్నాలుగు వారాల టీకాల రోజు పెట్టినం, ఒక్క బస్ ఛార్జీల ఇద్దరి పనీ అయితదని. రెండు డోసులూ అయిపోయినయి.